అర్థం పక్కన మూడో గడి

తెలంగాణలో దమ్మపేట నుంచి అశ్వారావుపేట వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలే. దమ్మపేట మండలంలోని అప్పారావుపేటలో ఒక ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉంది, అశ్వారావుపేటలో మరొకటి. కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో గెలల లోడుతో ట్రాక్టర్లు వాటి ముందు బారులు తీరతాయి. ఈ తోటల మధ్య నుంచి బడికి నడిచొచ్చే పిల్లకు ఇంగ్లీషు పాఠంలో ‘పామ్’ అన్న మాట తగిలిందనుకుందాం. చిన్న డిక్షనరీ తిరగేస్తే మొదట కనబడేది ‘అరచేయి’. ఆయిల్ అంటే నూనె అని తెలుసు. రెండూ కలిపి చదువుకుంటే నూనె అరచేయి అవుతుంది. రోజూ కళ్లముందు ఉండే చెట్టు పేరే ఆ పిల్లకు అర్థం కాకుండా పోయింది.

డిక్షనరీ తప్పు చెప్పలేదు. లాటిన్‌లో ‘పాల్మా’ అంటే అరచేయే. వేళ్లు చాచినట్టు ఆకు విచ్చుకుంటుందని ఆ జాతి చెట్లకు అదే పేరు పెట్టారు. తాటాకును ఎదురుగా పెట్టుకుని చూస్తే ఆ పోలిక ఎవరికైనా తడుతుంది. ఇంగ్లీషువాడికి తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగ అన్నీ పామ్‌లే. మనకు ఒక్కోదానికి ఒక్కో పేరుంది గానీ అన్నిటినీ కలిపి పిలిచే వాడుక మాట లేదు. అందుకని ‘పామ్ అంటే తాటిచెట్టు’ అని రాసుకున్నా ఆ పిల్లకు సగమే దక్కుతుంది. ‘మా ఊళ్లో ఆయిల్ పామ్ తోటలున్నాయి’ అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసుకుంటే చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

ఒక్క మాటతో పోయే గొడవ అయితే ఇంతగా చెప్పనక్కర్లేదు. 2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. అంతకుముందు ఇంగ్లీషు మాట రాకపోతే ఒక్క ఇంగ్లీషు పరీక్షలోనే మార్కులు పోయేవి. ఇప్పుడు లెక్కలు, సైన్సు, సోషల్ అన్నీ ఆ మాటల మీదే ఆధారపడి ఉన్నాయి. పదసంపద చాలని పిల్లకు కిరణజన్య సంయోగక్రియ కూడా అందదు, భిన్నాలూ అందవు.

పిల్లలు తమకు తోచిన సాధనం తాము పట్టుకున్నారు. నోట్‌బుక్ పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా గీత కొడతారు. ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. ఆ తర్వాత వల్లె వేస్తారు. దీన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. మాటకు అర్థం తెలుసుకోవడం మొదటి మెట్టు, అది దాటకుండా పైకి పోలేం. కానీ రెండు గడుల దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో, మాట వాడిన వాక్యం కోసం మూడో గడి ఎందుకు గీయాలో, ఆ పట్టికను ఎలా చదవాలో మనస్తత్వ శాస్త్రం, భాషాశాస్త్రం కలిసి నూరేళ్లుగా తేలుస్తూ వచ్చాయి. ఆ సంగతులు ట్రైనింగు పుస్తకాల్లో ఉండిపోకుండా అడవి అంచు బడుల నోట్‌బుక్కుల దాకా రావాలన్నదే నా తాపత్రయం.

1987లో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా అనే అమెరికన్ పరిశోధకులు ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు తెలియని మాటలిచ్చి, డిక్షనరీలో అర్థం చూసుకుని వాక్యాలు రాయమంటే ఏం జరుగుతుందో అందులో చెప్పారు. ‘ఎరోడ్’ అంటే నీరో గాలో ఒరుసుకుంటూ కొంచెం కొంచెంగా కోసేయడం. మన వాగుల ఒడ్లు ప్రతి వానాకాలం అలాగే పోతుంటాయి. డిక్షనరీ ఆ మాటకిచ్చిన అర్థాల్లో ‘ఈట్ అవుట్’ అన్నది ఒకటి. తినేయడం అన్నమాట. వాడుకలో మాత్రం ‘ఈట్ అవుట్’ అంటే ఇంట్లో వండుకోకుండా హోటల్లో తినడం. అది పట్టుకుని ఒక బిడ్డ, తమ ఇంటిల్లిపాదీ తరచూ ఎరోడ్ చేస్తామని రాసింది. ‘స్టిమ్యులేట్’ అంటే ‘స్టిర్ అప్’ అని చదివిన ఇంకో బిడ్డ, ఫలానా ఆవిడ సూప్‌ను స్టిమ్యులేట్ చేసిందని రాసింది. ఉత్తేజపరచడం అనుకోవాల్సిన చోట గరిటెతో కలపడం వచ్చి చేరింది.

ఆ పిల్లలు ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగినవాళ్లు. డిక్షనరీ కూడా వాళ్ల భాషలోనిదే. అయినా అర్థం ఒక్కటే చేతిలో పెడితే ఇంత దూరం పోయారు. రెండో భాషగానో మూడో భాషగానో నేర్చుకునే మన పిల్లలు కుడి గడిలోని ఒక్క తెలుగు మాటను పట్టుకుని తడబడితే, అది వాళ్ల మొద్దుతనమని ఎవరూ అనకూడదు.

ఇంటి భాషలో మాటలు ఎలా వస్తాయో చూడండి. సుజన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ 1978లో మూడు నాలుగేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. రెండు ట్రేలు పెట్టారు, ఒకటి నీలం, ఇంకొకటి ఆలివ్ పచ్చ. ‘ఆ క్రోమియం ట్రే పట్టుకురా, నీలంది కాదు, క్రోమియంది’ అని మాటల సందర్భంలో అడిగారు. క్రోమియం అన్నది పిల్లలు ఎన్నడూ రంగు పేరుగా వినని మాట. ఎవరూ అర్థం చెప్పలేదు. అయినా సరైన ట్రే తెచ్చారు. కొన్నాళ్ల తర్వాత అడిగినా అదేదో రంగు పేరన్న సంగతి చాలామందికి గుర్తుంది. మాట ఏ పనిలో, ఏ మాటల పక్కన, దేనికి భిన్నంగా వచ్చిందన్నదే అక్కడ అర్థం చెప్పింది. మన ఇళ్లలో రెండేళ్ల బిడ్డ ‘పొయ్యి దగ్గరికి పోకు, కాలుద్ది’ అని వింటూ కాలడం నేర్చుకునేదీ ఇలాగే.

లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో 1920లలో ఇంగ్లీషు చెప్పి, తర్వాత లండన్‌లో భాషాశాస్త్రానికి పెద్ద దిక్కైన జె.ఆర్. ఫర్త్ ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పాడు. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి ఎలాంటివాడో అతను ఎవరెవరితో తిరుగుతున్నాడో చూసి తెలుసుకున్నట్టే, మాటను దాని తోటి మాటల్ని బట్టి తెలుసుకోవాలన్నది ఆయన వాదన సారాంశం. ఈ తోడును భాషావేత్తలు సాహచర్యం అంటున్నారు. ‘థిక్’ అన్న మాటతో దీన్ని దగ్గరగా చూడొచ్చు. మన దగ్గర అడవి దట్టంగా ఉంటుంది, పాలు చిక్కగా ఉంటాయి, దుప్పటి మందంగా ఉంటుంది, అట్ట దళసరిగా ఉంటుంది, జుట్టు ఒత్తుగా ఉంటుంది. పాలు దట్టంగా ఉన్నాయని గానీ అడవి దళసరిగా ఉందని గానీ ఏ తెలుగు నోటా రాదు. ఇంగ్లీషులో ఈ ఐదూ థిక్కే. రెండో గడిలో ‘మందమైన’ అని ఒక్క మాట రాసుకున్న పిల్ల ‘థిక్ ఫారెస్ట్’ చూసి ఆగిపోతుంది. మూడో గడిలో ‘గండుగులపల్లి దాటితే థిక్ ఫారెస్ట్’ అన్నట్టు తనకు తెలిసిన చోటుతో ఒక వాక్యం ఉంటే, మాట ఆ అడవిని పట్టుకుని నిలబడుతుంది.

ఎదురు దారిలో కూడా ఇదే ఇబ్బంది. తెలుగులో ‘వేయడం’ ఎన్ని పనులు చేస్తుందో లెక్కపెట్టుకోండి. లైటు వేస్తాం, తలుపు వేస్తాం, ముగ్గు వేస్తాం, ఓటు వేస్తాం, చొక్కా వేసుకుంటాం, చేలో ఎరువు వేస్తాం, జ్వరమొస్తే గోలీ వేసుకుంటాం. ఇంగ్లీషులో ఇవి స్విచ్ ఆన్, షట్, డ్రా, కాస్ట్, వేర్, అప్లై, టేక్. ఏడు పనులకు ఏడు వేర్వేరు క్రియలు. వేయడానికి ‘పుట్’ అని ఒక్క అర్థమే నేర్చుకున్న బిడ్డ అన్నిచోట్లా ‘పుట్’ పెడుతుంది. ఇక్కడ తప్పు దిద్ది ఎర్ర గీత కొట్టడం వల్ల పెద్దగా లాభం ఉండదు. ఓటును కాస్ట్‌తో, ఎరువును అప్లైతో జంటగా వినిపించాలి. జంటగా విన్నది జంటగానే నోటికొస్తుంది.

నిఘంటువులు రాసినవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. 1850లలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే మాట పక్కన అర్థంతో ఆగడు. కవుల ప్రయోగాలు, జనం వాడే పలుకుబళ్లు వెంట ఇస్తాడు. తెలుగు నేర్చుకుని ఊళ్లలో పని చేయాల్సిన దొరలకు ఒట్టి అర్థం చాలదని ఆయనకు కడప, మచిలీపట్నం, రాజమండ్రి కచేరీల్లో అనుభవమైంది. నూటయాభై ఏళ్లు దాటినా ఆ పుస్తకం ఇంకా చేతుల్లో ఉండడానికి ఆ ప్రయోగాలే ముఖ్య కారణమని నా నమ్మకం. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ఇదే పనిని జపాన్‌లో పాఠాలు చెబుతున్న ఎ.ఎస్. హార్న్‌బీ చేశాడు. 1942లో టోక్యోలో వెలువడిన ఆయన డిక్షనరీని 1948లో ఆక్స్‌ఫర్డ్ మళ్లీ అచ్చేసింది. ఈనాడు మన కాలేజీ పిల్లల చేతుల్లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. దాని బలం ఉదాహరణ వాక్యాల్లోనే ఉంది. 1987లో బర్మింగ్‌హామ్ నుంచి జాన్ సింక్లెయిర్ బృందం తెచ్చిన కోబిల్డ్ ఇంకో అడుగు వేసింది. కోట్లాది మాటల నిజమైన రాతల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏ మాట ఏ మాటతో వస్తోందో చూసి, అర్థాన్ని కూడా నిండు వాక్యంగానే చెప్పింది.

సరే, ఏ మాటలు ముందు నేర్చుకోవాలి? ఇంగ్లీషులో మాటలకు అంతు లేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతికిన మనిషి అప్పటి ఉమ్మడి భారతదేశంలోనే పని చేశాడు. మైకేల్ వెస్ట్ ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపాడు. బెంగాలీ పిల్లల ఇంగ్లీషు వాచకాలు పరిశీలిస్తే, ఎప్పుడో గాని తగలని మాటలు గుంపులుగా వచ్చి పడుతున్నాయని, అవసరమైనవి మళ్లీ మళ్లీ కనబడడం లేదని గమనించాడు. 1926లో బెంగాల్ ద్విభాషా పరిస్థితి మీద పుస్తకం రాశాడు. 1935లో, కేవలం 1,490 మాటలు వాడి 24,000 పదాలకూ పదబంధాలకూ అర్థాలు చెప్పే డిక్షనరీ తెచ్చాడు. 1953లో సుమారు 2,000 మాటల సాధారణ పట్టిక ప్రచురించాడు. ఇంగ్లీషులో ఏ మామూలు పేజీ తీసినా అందులో దాదాపు 80 శాతం ఆ పట్టికలోని మాటలే ఉంటాయి.

80 శాతం వింటే చాలా అనిపిస్తుంది గానీ, ఐదు మాటలకు ఒకటి తెలియకపోతే పేజీ సాగదు. ఎవరి సాయమూ లేకుండా చదువుకోవాలంటే 98 శాతం మాటలు తెలిసి ఉండాలని, నవలలు, వార్తాపత్రికల్లాంటి వాటికి అది ఎనిమిది, తొమ్మిది వేల పదకుటుంబాల దగ్గర తేలుతుందని న్యూజిలాండ్ పండితుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. ‘ప్లాంట్, ప్లాంటెడ్, ప్లాంటేషన్’ ఒక కుటుంబం. కాబట్టి మొదటి రెండు వేలు పట్టుదలగా నేర్పాలి, ఆ పైవి చదువులోంచి రావాలి. చదివేటప్పుడు ఒకసారి తగిలినంత మాత్రాన మాట నిలవదు. స్టువర్ట్ వెబ్ 2007లో చేసిన పరీక్షల్లో పదిసార్లు వేర్వేరు వాక్యాల్లో తగిలాక గాని మాట మీద గట్టి పట్టు రాలేదు, అప్పటికీ కొన్ని కోణాలు మిగిలే ఉన్నాయి. వాచకం ఒక్కటే ఉన్న ఇంట్లో ఈ పదిసార్లు ఎక్కణ్నుంచి వస్తాయి? బడి లైబ్రరీ బీరువా తాళం తీసి ఉంచడం పదసంపదకు మొదటి పెట్టుబడి అంటాను.

మన పిల్లలు చేతులు ఊపుకుంటూ ఏమీ లేకుండా బడికి రావడం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దమ్మపేట రైతు ఇంట్లో ఒక పూట వినబడే మాటలు చూడండి: లోడు, టన్ను, డ్రిప్పు, మోటారు, స్టార్టరు, ఫ్యూజు, వోల్టేజీ, పైపు, వాల్వు, నర్సరీ, సబ్సిడీ, లోను, వడ్డీ రేటు, ఫ్యాక్టరీ గేటు. సగానికి పైగా ఇంగ్లీషే. జపాన్‌లో ఇలాంటి అరువు మాటల మీద ఫ్రాంక్ డాల్టన్ పరిశోధించి 2008లో పుస్తకం రాశాడు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మూడు వేల పదకుటుంబాల్లో సగానికి దగ్గరగా ఏదో ఒక రూపంలో జపనీయుల నోళ్లలో ముందే ఉన్నాయని, వాటిని బడిలో వాడుకుంటే నేర్చుకోవడం సులువవుతుందని చెప్పాడు. తెలుగు నోళ్లలోని నిల్వ అంతకు తక్కువేమీ కాదని నాకనిపిస్తుంది. లోడు తెలిసిన బిడ్డకు అన్‌లోడ్, ఓవర్‌లోడ్ గంటలో వస్తాయి. ఫ్యాక్టరీలో గెలను ‘బంచ్’ అంటారని తెలిస్తే, అరటి గెల, తాళాల గుత్తి, ద్రాక్ష గుత్తి అన్నిటికీ అదే మాట అతుకుతుందని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మన దగ్గర ‘పెట్రోల్ బంకు’ ఉంది, ఇంగ్లండులో ‘బంక్’ అంటే పడుకునే బల్ల. మన ‘హోటల్’లో ఇడ్లీ దొరుకుతుంది, వాళ్ల హోటల్‌లో ముందుగా దొరికేది గది. ఇక మన మాటే ఇంగ్లీషులోకి పోయి కూర్చున్న సందర్భం ఒకటి పిల్లలకు తప్పక చెప్పాలి. వరిగట్లకు బొరియలు చేసే పందికొక్కే ఇంగ్లీషులో ‘బాండికూట్’. ఆ మాట తెలుగు నుంచి వచ్చిందని ఇంగ్లీషు నిఘంటువులే ఒప్పుకుంటాయి. ఆస్ట్రేలియాలో సంచి ఉండే ఒక చిన్న జంతువుకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. ఈ సంగతి తెలిసిన బిడ్డ ఆ మాటను మరిచిపోవడం కష్టం.

మరపు సంగతికి వద్దాం. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీ పట్టి, గంటకు, రోజుకు, నెలకు ఎంత మిగిలిందో కొలుచుకున్న లెక్కలు ప్రచురించాడు. మళ్లీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయిందన్నది ఆయన కొలమానం. గంట తిరిగేసరికి ఆ ఆదా 44 శాతానికి పడిపోయింది. ఒక రోజుకు 34. కానీ 31 రోజులకు కూడా 21 శాతం మిగిలింది. మరపు మొదటి గంటల్లో జారుడు బండలా ఉండి, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అందుకే పొద్దున నేర్చుకున్న పది మాటల్ని అదే రోజు సాయంత్రం ఒకసారి కదిలిస్తే ఎక్కువ మిగులుతాయి.

కదిలించడం అంటే ఎలా? మన వీధి బడుల భాషలో రెండు పనులున్నాయి: వల్లె వేయడం, అప్పజెప్పడం. మొదటిది పుస్తకం చూస్తూనో వింటూనో మళ్లీ మళ్లీ అనడం. రెండోది పుస్తకం మూసి గురువు ముందు నిలబడి జ్ఞాపకంలోంచి తీసి చెప్పడం. ఈ రెండింటినీ విడదీసి తూచిన ప్రయోగం 2008లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ కాలేజీ విద్యార్థులకు నలభై స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లీషు అర్థాలు ఇచ్చారు. మషువా అంటే పడవ, ఆ తరహావి. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరు ఆ తర్వాత చదవడం మానేసి అప్పజెప్పడం కొనసాగించారు. ఇంకొందరు చదువుతూనే ఉన్నారు గానీ దాన్ని మళ్లీ అప్పజెప్పలేదు. ఆ రోజు అందరికీ అన్నీ వచ్చాయి. వారం తర్వాత పిలిచి అడిగితే, అప్పజెప్పినవాళ్లకు సుమారు 80 శాతం గుర్తున్నాయి. చదువుతూ అప్పజెప్పనివాళ్లకు 36 శాతమే.

ఇందులో నన్ను బాగా కదిలించింది ఇంకో సంగతి. వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగితే, అన్ని గుంపులవాళ్లూ దాదాపు సగం అన్నారు. అంటే ఏ పద్ధతి పని చేస్తోందో నేర్చుకునేవాడికి లోపల్నుంచి తెలియదు. చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. రాత్రంతా వల్లె వేసి పరీక్షలో తెల్లమొహం వేసిన పిల్లను, శ్రద్ధ లేదని తిట్టడం అన్యాయం. శ్రద్ధ పెట్టింది, పెట్టాల్సిన చోటు ఎవరూ చెప్పలేదు. కుడి గడి మీద అరచేయి అడ్డం పెట్టుకుని, ఎడమ గడి చూసి అర్థం చెప్పుకోవడం, తర్వాత చేయి ఎడమ పక్కకు జరిపి అర్థం చూసి మాట చెప్పుకోవడం, చివరికి రెండూ మూసి మూడో గడిలోని వాక్యాన్ని ఎవరికైనా అప్పజెప్పడం: ఖర్చు లేని పని ఇది.

ఒకసారికీ మరోసారికీ మధ్య ఎడం కూడా ముఖ్యమే. హ్యారీ బారిక్ అనే శాస్త్రవేత్త తన భార్య, ఇద్దరు కూతుళ్లతో కలిసి నలుగురూ తలా 300 పరాయి భాషా పదాలు నేర్చుకుని, ఏళ్ల తరబడి పరీక్షించుకున్నారు. 14 రోజులకోసారి 26 సార్లు కూర్చుని నేర్చుకున్న మాటలు, 56 రోజులకోసారి 13 సార్లే కూర్చుని నేర్చుకున్న మాటలు ఇంచుమించు సమానంగా నిలిచాయి. ఎడం పెంచితే శ్రమ సగమైందన్న మాట. 1993లో ఆ నలుగురి పేర్లతోనే వ్యాసం వెలువడింది. ఇంత పెద్ద ఎడాలు బడిలో కుదరవు గానీ, సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పెట్టె పద్ధతి కుదురుతుంది. ఇంట్లో మిగిలిన పెళ్లి శుభలేఖల్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక పక్క మాట, రెండో పక్క అర్థం, వాక్యం రాయాలి. అగ్గిపెట్టెల డబ్బానో చెప్పుల డబ్బానో మూడు అరలు చేయాలి. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగిన ముక్క ముందు అరలోకి పోతుంది, తడబడింది మొదటి అరకు తిరిగొస్తుంది. రాని మాటలకే ఎక్కువ సమయం దానంతటదే దక్కుతుంది.

నిద్ర గురించి క్లుప్తంగా. నికొలా డ్యుమే, గారెత్ గాస్కెల్ 2007లో చూపించినదాని ప్రకారం, రాత్రి నేర్చుకుని పడుకున్నవాళ్లలో కొత్త మాట పన్నెండు గంటలకల్లా పాత మాటల సరసన చేరింది. పొద్దున నేర్చుకుని పగలంతా మేలుకున్నవాళ్లలో అదే పన్నెండు గంటల్లో చేరలేదు. పరీక్ష ముందు రోజు నిద్ర మాన్పించే అలవాటు ఇకనైనా మానాలి.

గుర్తు పెట్టుకోవడానికి కొక్కెం పద్ధతి ఒకటి ఉంది. పరాయి మాట ధ్వనికి దగ్గరైన సొంత మాటను పట్టుకుని, రెండింటినీ కలిపి ఒక బొమ్మ ఊహించుకోవడం. రిచర్డ్ ఆట్కిన్సన్, మైకేల్ రా 1975లో 120 రష్యన్ మాటలతో దీన్ని పరీక్షిస్తే, ఈ పద్ధతి వాడినవాళ్లకు 72 శాతం, వాడనివాళ్లకు 46 శాతం వచ్చాయి. ‘గేల్’ అంటే పెనుగాలి. మన ‘గాలి’ దాని పక్కనే ఉంది. పామాయిల్ మట్టలు ఊగిపోతున్న గాలివాన ఒకటి ఊహించుకుంటే చాలు. అన్ని మాటలకూ ఇలాంటి కొక్కెం దొరకదు, దొరికిన చోట వదలకూడదు.

మనం మంచిదనుకుని చేసే ఒక పని మాత్రం బెడిసికొడుతుంది. ‘లెండ్’, ‘బారో’ ఒకే రోజు చెబుతాం. ‘లెఫ్ట్’, ‘రైట్’ ఒకే పూట. అర్థంలో దగ్గరి చుట్టరికం ఉన్న మాటల్ని ఒకేసారి కొత్తగా నేర్పితే ఒకదాన్నొకటి చెరుపుకుంటాయని థామస్ టింకమ్ 1993లో, రాబ్ వేరింగ్ 1997లో చూపించారు. ఒక కథకో పనికో చెందిన మాటలు కలిసి వస్తే మాత్రం సులువుగా అంటుకుంటాయి. కోత, గెల, లోడు, కాటా, బిల్లు ఒక వరుస. వీటి ఇంగ్లీషు మాటలు ఒకే పాఠంలో రావచ్చు. ‘లెండ్’ ఈ వారం బాగా నలిగాక ‘బారో’ పై నెలలో చెబితే పిల్లలు జన్మంతా తికమక పడకుండా ఉంటారు.

ఇక దమ్మపేటకే ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ఇక్కడి గూడేల్లో చాలామంది పిల్లల ఇంటి భాష కోయ. వాళ్లకు రెండో గడిలోని తెలుగే నేర్చుకున్న భాష. కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు, తెలుగు వాచకంలో ఏరంటే పారే వాగు. రెండు అక్కాచెల్లెళ్ల భాషల మధ్యే ఇంత జరుగుబాటు ఉంటే, అక్కణ్నుంచి ఇంగ్లీషు దాకా దారి ఇంకెంత తిరుగుడో ఊహించొచ్చు. జూడిత్ క్రోల్, ఎరికా స్టువర్ట్ 1994లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, కొత్త భాష మొదలుపెట్టినవాళ్లు అందులోని మాట అర్థాన్ని సొంత భాష మాట మీదుగానే చేరతారు. పట్టు పెరిగాక గాని నేరుగా చేరలేరు. ఇంగ్లీషు పీరియడ్‌లో వేరే భాష వినబడకూడదని పట్టుబట్టే బడులు ఈ ఆసరాను తీసేస్తున్నాయి. కోయ బిడ్డకైతే తెలుగు అర్థం ఇచ్చినా ఆ ఆసరా సగమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, తొలి తరగతుల పాఠాలు మొదలుపెట్టారు. అప్పుడు కోయ మాటలు వాచకాల్లో అచ్చయ్యాయి. ఇప్పటి రెండు భాషల పుస్తకంలో ఆ బిడ్డకు పేజీ లేదు. అది వచ్చేదాకా నోట్‌బుక్కులో చోటివ్వొచ్చు. రెండో గడిలో తెలుగు అర్థం కింద కోయ మాట కూడా ఆ బిడ్డనే తెలుగు అక్షరాల్లో రాయనివ్వాలి. టీచరుకు కోయ రాకపోతే బిడ్డనే అడగాలి, పక్క బెంచీ పిల్లలు సరిచూస్తారు. మూడో గడి వాక్యం వాళ్ల గూడెం గురించి, ఇప్పపూలు ఏరడం గురించి, తునికాకు కట్టలు కట్టడం గురించి ఉండాలి. ‘కలెక్ట్’, ‘డ్రై’, ‘బండిల్’, ‘సెల్’, ‘వెయిట్’. ఈ ఐదూ వెస్ట్ వెతికిన తరహా మామూలు మాటలు. ఒక్క వేసవి ఇప్పపూలు, తునికాకు పనుల్లో ఐదూ వస్తాయి. ఆ వాక్యాల్ని మర్నాడు పుస్తకం మూసి అప్పజెప్పించుకోవడానికి తరగతిలో పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది.